షెనానిగన్స్: నక్కపల్లికి దగ్గరి మాట

(స్వర్ణోత్సవ సభ ఉదయం కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. ముప్పై మూడేళ్లు ముప్పావుగంట పీరియడ్లకు అలవాటుపడిన నోరు నాది. గంట కొడితే తప్ప ఆగదు. గంట సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

నన్ను 'మన బడి రోజుల అల్లరి' గురించి మాట్లాడమన్నారు. సరేనని ఒప్పుకున్నాను. ఆ వారంలోనే డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడు నాలుగో తరగతి. "తాతయ్యా, నువ్వు స్కూల్లో ఏమేం షెనానిగన్స్ చేశావు?" అన్నాడు. నాకు సెనగలు అని వినబడింది. "ఇంటర్‌వెల్లో ఉప్పు సెనగలు కొనుక్కునేవాళ్లంరా, అయిదు పైసలకి గుప్పెడు" అని చెప్పాను. అవతల మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. అన్నేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషికి మనవడి ముందు ఇంతకంటే అవమానం ఏముంటుంది? ఆ రాత్రే నిఘంటువులు దించాను.

ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో నాకు ఎప్పుడూ తగల్లేదు. అర్థం చూస్తే రెండు ముఖాలున్నాయి. ఒకటి, పిల్లల చిలిపి పనులు, కొంటె వేషాలు. రెండోది, గుట్టుగా చేసే మోసం, లెక్కల్లో గారడీ, దొంగ ఎత్తులు. మొదట పుట్టింది ఈ మోసం అర్థమే. నవ్వు తరవాత వచ్చి చేరింది. ఇప్పటికీ అమెరికా పత్రికలు ఎన్నికల్లో జరిగే గోల్‌మాల్‌కీ ఈ మాటే వాడతాయి, పిల్లలు మంచం మీద గెంతడానికీ ఈ మాటే వాడతాయి. ఒక పెద్దమనిషి చొక్కా వేసుకుని ఇద్దరు తిరుగుతున్నట్టు ఉంటుంది.

అచ్చులో ఇది మొదట కనబడింది 1855లో, కాలిఫోర్నియాలో. కాలిఫోర్నియా ఎందుకంటే, 1848 జనవరిలో అక్కడ ఒక రంపపు మిల్లు దగ్గర కాలవలో బంగారం దొరికింది. మరుసటి ఏడాదికల్లా ప్రపంచం నలుమూలల నుంచీ జనం అక్కడికి ఎగబడ్డారు. ఐర్లండు వాళ్లు, జర్మన్లు, చైనా వాళ్లు, మెక్సికో, చిలీ నుంచి స్పానిష్ మాట్లాడేవాళ్లు. ఒకడి గని ఇంకొకడు అమ్మేయడం, ఇత్తడి రజను చూపించి బంగారమనడం, పేకాటలో ముక్క దాచడం. అలాంటి చోట మోసానికి ఒక కొత్త మాట కావలసి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. ఆ సంతలో ఎవడి నోట ముందు పుట్టిందో చెప్పడమే కష్టం. అందుకే నిఘంటువులు దీని ఎదురుగా 'పుట్టుక తెలియదు' అని రాసి ఊరుకుంటాయి.

తెలియదన్నాక ఊహలు ఊరుకోవు కదా. స్పానిష్‌లో మోసానికి ఉన్న 'చరనాడా' అనే మాట నుంచి వచ్చిందని ఒకరు. ఊరూరా తిరిగి సరుకు అమ్మే జర్మన్ వర్తకుల గుప్తభాషలో పనికీ పనితనానికీ ఉన్న మాట నుంచి అని ఒకరు. ఇంగ్లండు తూర్పు పల్లెల్లో వెర్రివేషాలు వేయడాన్ని 'నానికింగ్' అనేవారట, అందులోంచి అని మరొకరు. వీటన్నిటి మీదా నేను పెద్దగా ఆగలేదు. నాలుగోది చదివాక మాత్రం కుర్చీలోంచి లేచాను.

ఐరిష్ భాషలో నక్కని 'షునఖ్' అంటారు. ఆ పేరు మీద ఒక క్రియ ఉంది. 'నక్క వేషాలు వేస్తున్నాను, జిత్తులు పన్నుతున్నాను' అని దాని అర్థం. షెనానిగన్స్ అందులోంచి వచ్చిందని ఆ వాదం. 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువు పడితే లక్షలమంది ఐరిష్ వాళ్లు ఓడలెక్కి అమెరికా చేరారు. బంగారం గనుల్లోకీ వాళ్లు వెళ్లారు. కాబట్టి కాలం కుదురుతుంది, చోటూ కుదురుతుంది. కుదిరినంత మాత్రాన రుజువు కాదనుకోండి. షునఖ్ అనే మాట మన శునకంలాగా వినబడుతుంది కదా, అంతమాత్రాన రెండిటికీ చుట్టరికం కలపకూడదు. శబ్దం కలిస్తే చుట్టాలైపోతే నా సెనగలు కూడా ఈ మాటకి మేనమామలే అవుతాయి. అయినా సరే, నక్కపల్లి వాడిగా నా ఓటు నక్కకే వేస్తున్నాను. పక్షపాతం అనుకోండి.

మన నక్క వేరు, వాళ్ల నక్క వేరు. ఐర్లండులో ఉన్నది ఎర్ర నక్క. మన తోటల్లో రాత్రిపూట ఊళ పెట్టేది, ఇంగ్లీషు వాడు జాకాల్ అనేది. దానికంటే చిన్నది, నేలలో బొరియ తవ్వుకుని ఉండేది గుంటనక్క. ఐర్లండు నక్కకి దగ్గరి చుట్టం అదే. మన వైపు గుంటడంటే పిల్లాడు, గుంటంటే ఆడపిల్ల. అందుకని మా సోషలు మాస్టారు మమ్మల్ని "ఒరే గుంటనక్కల్లారా" అంటే ఒకే మాటలో రెండు తిట్లు పడేవి. ఇది పట్నం వాళ్లకి చెప్పినా అర్థం కాదు.

నక్క మన భాషలో ఎప్పుడూ తప్పుడు పనికే గుర్తు. నక్కజిత్తులు, నక్కవినయం, జిత్తులమారి నక్క. తోక తొక్కితే అదృష్టం అన్నది ఒక్కటే దాని ఖాతాలో మంచి. నక్కకీ నాకలోకానికీ అన్న మాటని మనం నాగలోకం చేసేశాం. నాకం అంటే స్వర్గం. నేలమీద తిరిగే నక్క ఎక్కడ, పైనున్న స్వర్గం ఎక్కడ అని. పాములకి అక్కడ పనిలేదు. మాస్టారి చాదస్తం, క్షమించండి.

చిన్నయసూరి గారి 'నీతిచంద్రిక' 1853లో వచ్చింది. అంటే కాలిఫోర్నియాలో ఈ మాట అచ్చెక్కడానికి రెండేళ్ల ముందు. అందులో మిత్రభేదం చదివే ఉంటారు. కరటకుడు, దమనకుడు అని రెండు నక్కలు. పింగళకుడు అనే సింహానికీ, సంజీవకుడు అనే ఎద్దుకీ స్నేహం కుదురుతుంది. దమనకుడు ఇటు చెప్పినది అటు, అటు చెప్పినది ఇటు చేసి ఆ స్నేహం చెడగొడతాడు. చివరికి ఏ పాపం ఎరుగని ఎద్దు చచ్చిపోతుంది. దమనకుడికి ఏమీ కాదు. తొమ్మిదో తరగతిలో ఆ కథ చదివినప్పుడు నాకు నక్క తెలివే కనబడింది. ఎద్దు సంగతి ఆలోచించలేదు.

ఆ కరటకుడి పేరే గురజాడ వారు 'కన్యాశుల్కం'లో ఒక పాత్రకి పెట్టారు. నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. మన ఉత్తరాంధ్ర షెనానిగన్స్ అన్నీ అందులో ఉన్నాయి. గిరీశం గురించి నేను చెప్పక్కర్లేదు, ప్రతి ఊళ్లోనూ ఒకడు ఉన్నాడు. కరటకశాస్త్రి కథ వేరు. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మకుండా ఆపాలని, తన శిష్యుడికి ఆడవేషం వేసి ఆ ముసలాడికే పెళ్లి చేసేస్తాడు. పిల్లని కాపాడడానికి చేసిన పని. మనం చూసి పడీపడీ నవ్వుతాం. తీరా ఆ 'పెళ్లికూతురు' వేషం విప్పి మాయమయ్యాక ఏమయింది? లుబ్ధావధాన్లే పిల్లని చంపేశాడని ఖూనీ కేసు పడింది. పిసినిగొట్టు, ముసలి వయసులో పెళ్లికి ఎగబడ్డవాడు, జాలిపడవలసిన మనిషి కాదు. అయినా చెయ్యని ఖూనీకి ఉరికంబం కళ్లముందు కనబడే దశకి వచ్చాడు. సరదాగా మొదలైన పని ఎవరి మెడకి చుట్టుకుంటుందో మొదలెట్టినవాడి చేతిలో ఉండదని గురజాడకి బాగా తెలుసు. మధురవాణి పూనుకుని నిజం బయటపెట్టబట్టి సరిపోయింది.

ఇంక మనం బళ్లో నేర్చుకున్న మాట, 'మిస్‌చీఫ్'. మా ప్రోగ్రెసు కార్డుల మీద ఈ మాట ఎర్రసిరాతో చాలాసార్లు పడింది. ఇది పాత ఫ్రెంచి మాట. 'షెఫ్' అంటే తల, కొస. లాటిన్‌లో తలకి ఉన్న 'కాపుట్' దీనికి మూలం. ముందు 'మెస్' చేరితే చెడ్డగా ముగియడం. 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దీని అర్థం ఆపద, కీడు, అంతే. నవ్వులాట అర్థం ఎప్పుడో 18వ శతాబ్దం చివరికి గానీ రాలేదు. ఇదే షెఫ్ నుంచి, 'కొసదాకా తీసుకురావడం' అనే అర్థంలో 'అచీవ్' పుట్టింది. అంటే వార్షికోత్సవంలో మా లీడరుకి ఇచ్చిన అచీవ్‌మెంట్ కప్పూ, నా కార్డు మీది ఎర్రసిరా మాటా ఒక తల్లి పిల్లలే. ఈ సంగతి అప్పుడు తెలిసుంటే మా నాన్నకి చెప్పుకునేవాణ్ని.

మెకాలే వేసిన పునాది మీద తయారై 1860లో వచ్చిన ఇండియన్ పీనల్ కోడులో మిస్‌చీఫ్ ఒక నేరం. 425వ సెక్షన్. ఎదుటివాడికి నష్టం చేద్దామని వాడి సొత్తు పాడుచేయడం. శిక్ష మూడు నెలల దాకా జైలు, లేదా జుల్మానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 324వ సెక్షన్ అయింది, జైలు ఆరు నెలల దాకా పెరిగింది. పాత కోడులో ఈ సెక్షన్ కింద ఉదాహరణలు ఇచ్చారు. ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. ఒకడు ఇంకొకడికి నష్టం కలిగించాలని వాడి ఉంగరం తీసి నదిలో పడేస్తాడు. ఉంగరం తను ఉంచుకోలేదు, అమ్ముకోలేదు. కాబట్టి అది దొంగతనం కాదు, మిస్‌చీఫ్.

మన తెలుగు అల్లరి కూడా ఇలాంటిదే. అల్లరి పిల్లాడు అంటే ముద్దు. అల్లరి మూక అంటే పోలీసులు. అల్లరిపాలు అంటే పరువు పోవడం. 2002లో 'అల్లరి' అని సినిమా వస్తే అందులో హీరోకి ఆ మాట ఇంటిపేరయిపోయింది. ముళ్లపూడి వారి బుడుగు చేస్తే ఇల్లంతా నవ్వుతుంది. ఒకే మాట. మీద పడే అర్థం మాత్రం చేసింది ఏమిటన్నదాన్ని బట్టి కాదు, చేసినవాడు ఎవరన్నదాన్ని బట్టి మారుతుంది. ఇది నాకు ఏ నిఘంటువూ చెప్పలేదు. చెప్పిన మనిషి దగ్గరికి వస్తున్నాను.

మన బడి గంట గుర్తుందా? వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. పక్కనే కొమ్మ సందులో మూరెడు ఇనప ఊచ. దానితో కొడితే హైవే అవతలికి వినబడేది. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం నేను ఆ ఊచ తీసి నూతిలో వేసేశాను. ఎవరిమీదా కోపం లేదు. లెక్కల పీరియడు మొదలవకపోతే ఎలా ఉంటుందో చూద్దామని, అంతే. మొదలవలేదు. సైన్సు మాస్టారు రెండు పీరియడ్లు ఏకబిగిన చెప్పేశారు. లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో గంట కోసం చెవి పెట్టి కూర్చున్నారు. బడి వదిలేశాక కూడా ఏడో తరగతి వాళ్లు లోపలే ఉండిపోయారు. అన్నీ తలుచుకుని ఆ సాయంత్రం పొట్టచెక్కలయ్యేలా నవ్వాను. ఇప్పుడు మీలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, అప్పుడూ అందరూ నవ్వారు.

ఊచ దగ్గర చివరిసారి కనబడ్డవాడు నా బెంచీలో పక్కన కూర్చునేవాడు. సముద్రం ఒడ్డు పల్లె నుంచి నడిచి వచ్చేవాడు. ఎండకి చెట్టు కింద చద్ది తినేవాడు కాబట్టి అక్కడ ఉన్నాడు. పాత ఇనుము కొట్లో అమ్మేశాడని ఎవరో అన్నారు. మర్నాటికి ఆ 'ఎవరో' అన్నది పదిమంది నోట్లో చేరింది. మీ నాన్నని తీసుకురా అన్నారు. తండ్రి వేట మానుకుని వచ్చాడు. చేతులు కట్టుకుని వరండాలో నిలబడ్డాడు. ఊచ ఖరీదు కట్టి వెళ్లిపోయాడు. వాడు మళ్లీ బడికి రాలేదు. తెప్ప ఎక్కేశాడని తరవాత విన్నాం. మా పక్కన బెంచీలో జాగా ఖాళీ అయితే నేను సంచీ పెట్టుకున్నాను.

నేను ఒక్కమాట చెబితే అయిపోయేది. మా నాన్న ఊరికి కరణం. చెబితే ఆయన చేతిలో నాలుగు దెబ్బలు పడేవి, అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. ఆ సంగతి అప్పుడూ నాకు తెలుసు. అయినా చెప్పలేదు. ఇన్నేళ్లలో చాలామంది పిల్లల్ని 'ఎవడు చేశాడు, లేవండి' అని నిలబెట్టాను. ఎవడూ లేవకపోతే నాకు ఒళ్లు మండేది.

ఈ ప్రసంగం రాసుకుంటుండగా ఆ ఊచ దగ్గర కలం ఆగిపోయింది. కిందటి నెల బస్సెక్కి ఆ పల్లెకి వెళ్లాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. మనిషి నన్ను గుర్తుపట్టాడు. టీ తెప్పించాడు. ఉపమాక తీర్థం గురించి, పిల్లల గురించి కాసేపు మాట్లాడుకున్నాం. చివరికి చెప్పాను, ఊచ నూతిలో వేసింది నేనేనని. వల మీంచి తల ఎత్తలేదు.

"తెలుసు" అన్నాడు. "నీ సేతికి తుప్పంటుకుంది. లెక్కల పుస్తకం మీద కూడా అయింది. నేన్సూసినాను."

"మరి చెప్పలేదేం?"

"సెప్పినాను. మా అయ్యకి సెప్పినాను. కరణం గారబ్బాయి అలాటి పని సెయ్యడని నన్నే కొట్టినాడు."

నేనేం మాట్లాడగలను? నేను చేస్తే అది అల్లరి. వాడు చేశాడనుకుంటే అది దొంగతనం. అదే ఊచ, అదే నుయ్యి. కోడులోని ఉంగరం ఉదాహరణ చదివిన రోజున నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

కాసేపయ్యాక వాడే అడిగాడు, ఆ నుయ్యి ఇంకా ఉందా అని. పూడ్చేశారని చెప్పాను. "అయితే ఊస అందులోనే ఉంటాది" అని నవ్వాడు. ఆ నవ్వు ఎలాంటిదో నాకు ఇప్పటికీ తేలలేదు, తేల్చుకునే హక్కు నాకుందనీ అనుకోను. స్వర్ణోత్సవానికి రమ్మని కాగితం ఇచ్చాను. సభ్యత్వ ఫారం కూడా ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివి వెనక్కి ఇచ్చేశాడు. "పదో తరగతి ఏ ఏడాది పాసయ్యావని ఉంది. నేనేటి రాయాల?" అన్నాడు.

మిత్రులారా, మన సంఘం నియమావళిలో సభ్యత్వం 'ఈ పాఠశాలలో పదో తరగతి ఉత్తీర్ణులైన వారికి' అని ఉంది. అది రాసినప్పుడు కమిటీలో నేనూ ఉన్నాను, నా సంతకమూ ఉంది. మన హాజరు పట్టీల్లో మధ్యలో కొట్టేసిన పేర్లు ఎన్నో ఉన్నాయి. వలకి పోయినవాళ్లు, పొలానికి పోయినవాళ్లు, పన్నెండో ఏట పెళ్లిపీటల మీద కూర్చున్న ఆడపిల్లలు. ఆ వాక్యంలో 'ఉత్తీర్ణులైన' అన్నచోట 'ఒక్క రోజైనా చదివిన' అని మార్చమని తీర్మానం రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. నా బ్యాచ్ వాళ్లు అయిదుగురు బలపరిచారు. వాడి పేరున సభ్యత్వ రుసుము కట్టబోతే, నియమం మారాకే రసీదు రాస్తానన్నారు కోశాధికారి గారు. అది సబబే.

వాడు వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు. సర్వసభ్య సమావేశం భోజనాల తరవాత రెండున్నరకి, ఇదే షామియానా కింద. తీర్మానం నాలుగో అంశం. పులిహోర, బూరెలు తిని బస్సు వేళయిందని ఎవరూ వెళ్లిపోకండి. కోరం కావాలి.